చెల్లి తలవైపు గోడ

మార్చి 3

తలుపు మూసేశారు. లోపల నలుగురు. అందులో ఒకతి మా చెల్లి. మళ్ళీ తెరిచేది మే నెలాఖరుకే.

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. గదిలోకి అడుగు పెడుతూ చెల్లి ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. నేను సరిగ్గా అప్పుడే వంగి చెప్పు సర్దుకుంటున్నాను. చెప్పుకి ఏమీ కాలేదు. ఊరికే సర్దుకున్నాను.

మేమిద్దరం మాట్లాడుకోవడం లేదని మా ఆయన అంటారు. అది పచ్చి అబద్ధం. "తిన్నావా" అని నేనడిగితే "తిన్నా" అంటుంది. అది మాట్లాడుకోవడం కాదా? చంద్రుడి మీద కాపురం పెట్టబోయే జట్టులో తన పేరు కూడా చూస్తున్నారని చెప్పినప్పుడు "నీ ఇష్టం, నాకేం" అన్నాను. అందులో తప్పేముంది? తన ఇష్టమే కదా.

ఈ గది పరీక్ష నెగ్గితే ఇలాంటి గదే అక్కడా కడతారు, చెల్లీ వెళ్తుంది. వెళ్తే ఏళ్ళ తరబడి రాదు. మధ్యలో ఏ కారణంతో తలుపు తీసినా గదీ ఆగిపోతుంది, చెల్లీ ఆగిపోతుంది. ఈ విషయంలో నాకు ఏ అభిప్రాయమూ లేదు. గోడలు పెంచడం వరకే నా ఉద్యోగం.

మార్చి 5

కింది వాటాలో ఆవిడ మెట్ల దగ్గర పట్టుకుంది. "మీ ఆఫీసులో చంద్రుడి కోసం పుట్టగొడుగులు పెంచుతారటగా!"

"పుట్టగొడుగులు కాదండీ, గోడలు" అన్నాను. ఆవిడ మొహం చూస్తే అంతటితో వదిలేలా లేదు. సంచీ కింద పెట్టి మొత్తం చెప్పాల్సి వచ్చింది. అంత దూరం ఇటుకలు ఎవరు మోస్తారు? చిటికెడు పుట్టగొడుగు విత్తనం పట్టుకెళ్ళి, అక్కడే అచ్చులో మేత వేసి పెంచితే చాలు. ఇక్కడ మేము రంపంపొట్టు వేస్తాం. విత్తనంలోంచి తెల్లటి బూజు లేచి పొట్టునంతా అల్లుకుని గట్టి పలకవుతుంది. దాన్ని ఓవెన్లో పెడితే బూజు చస్తుంది, పలక మిగులుతుంది. తేలికగా ఉంటుంది, చలి రానివ్వదు, చప్పుడు రానివ్వదు.

"చంపకపోతే ఏమవుతుంది?"

"పెరుగుతూనే ఉంటుంది. కాస్త తేమ తగిలితే గోడకే పుట్టగొడుగులు పూస్తాయి."

"అయితే ఇంకా మంచిదేగా, పూటపూటా కూరకి వెతుక్కోనక్కర్లేదు" అంది ఆవిడ, నేనేదో తెలివితక్కువ పని చేస్తున్నట్టు.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన కూడా ఆవిడ పక్షమే. "ఇంట్లో బూజు దులపమంటే నాలుగు వారాలు వాయిదా వేస్తావు. ఆఫీసులో అదే బూజుకి వేళకి నీళ్ళు, వేళకి మేత!" అన్నారు. దులపాల్సిన కర్ర ఆయన చేతికే ఇచ్చాను.

మార్చి 9

ఆదివారం. లోపలివాళ్ళతో ఇంటివాళ్ళు మాట్లాడే రోజు. ఫోనులో కాసేపే మాట్లాడనిస్తారు, అదీ రికార్డవుతుంది. మా పెద్దాయన పక్కనే కూర్చుని వింటాడు. పెద్దాయన అంటే మా విభాగం అధిపతి. నాకంటే చిన్నవాడే. ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా పెద్దాయనే.

"తిన్నావా?"

"తిన్నా."

"నిద్ర పడుతోందా?"

"మొద్దునిద్రే. నా తలవైపు అసలు చప్పుడే లేదక్కా. పక్క పడకలో డాక్టరమ్మకేమో పంపు మోత చెవిలోనే ఉన్నట్టుందట."

"నీ అదృష్టం" అన్నాను. పెద్దాయన తలూపాడు.

దాని తలవైపున్న ఏడో పలక సంగతి ఎవరికీ చెప్పలేదు, చెప్పేంత సంగతీ కాదు. రెండు వేళ్ళ మందం ఎక్కువ పోశాను. అచ్చు నాదే, పొట్టు నాదే. చీమ చిటుక్కుమన్నా లేచి కూర్చునే పిల్ల. చిన్నప్పుడు తను పడుకుంటే గిన్నెలు కడగడం కూడా మానేసేదాన్ని. మందం పెరిగితే గోడ బలమే గాని నష్టం లేదు కదా. బయటినుంచి చూస్తే తేడా కనపడదు.

మార్చి 14

ఏడో పలకకి బయటివైపున్న తేమ మీటరు పాడైంది. ఉండాల్సిన దానికంటే ఎక్కువ చూపిస్తోంది. మార్చమన్నాను.

మార్చి 15

కొత్త మీటరూ పాడే.

మార్చి 16

చెల్లితో మాట్లాడాను. తిన్నదట.

మార్చి 18

మూడో మీటరు కూడా పాడైంది. ఈ మధ్య మీటర్లు చేసేవాళ్ళకి శ్రద్ధ బొత్తిగా లేదు. లేదా చెల్లి అటే తిరిగి పడుకుని గోడ మీదికి ఊపిరి వదులుతూ ఉండొచ్చు. మనిషి ఊపిరిలో తేమ ఉంటుంది. ఇది సైన్సు.

మార్చి 23

ఫోనులో చెల్లి గొంతు గంతులేస్తోంది.

"తిండి బ్రహ్మాండంగా ఉందక్కా!"

ప్యాకెట్లో పొడికి వేడినీళ్ళు కలిపి పెట్టే తిండి అది. నేను గంటసేపు పొయ్యి దగ్గర నిలబడి వండినదాన్ని "ఏదోలే" అంటూ తినే మనిషి ఇది. వెనక డాక్టరమ్మ నవ్వు వినిపించింది. ఇంకెవరో "ష్" అన్నారు.

"ఏం తిన్నావే అంత బ్రహ్మాండంగా?"

"అన్నీ. రకరకాలు. మా గోడలు ఎవరు పెంచారో గాని వాళ్ళ చేతికి దణ్ణం పెట్టాలి."

తిండి గురించి అడిగితే గోడల గురించి చెప్పడమేమిటి? పెద్దాయన మాత్రం మురిసిపోయాడు. జట్టు ఉత్సాహంగా ఉందని రాసుకున్నాడు.

మార్చి 26

గది గోడకి గుండ్రటి కిటికీ ఒకటి ఉంది. పడకలవైపు చూడకూడదని నియమమేమీ లేదు, మర్యాద కాదని ఎవరూ చూడరు. ఈ రోజు అద్దం తుడుస్తూ చూశాను. అద్దం మురికిగా ఉంది కాబట్టి తుడిచాను.

ఏడో పలక మీద తువ్వాలు వేలాడుతోంది. నాలుగు మూలలా పిన్నులు. సమానంగా, ముడత లేకుండా, బిగించి. మా చెల్లి పుట్టి బుద్ధెరిగాక దుప్పటి మడత పెట్టిన దాఖలా లేదు. తడి తువ్వాలు మంచం మీద పడేస్తుంది, కుర్చీ మీద పడేస్తుంది, ఒకసారి నా కంప్యూటరు మీద పడేసింది.

మార్చి 27

పలకలన్నీ ఒకేసారి ఓవెన్లో పెట్టాను, ఒకేసారి తీశాను. అన్నీ బాగా కాలాయి.

మార్చి 28

అన్నీ బాగా కాలాయి. ఏడోది మాత్రం మిగతావాటికంటే మందం.

మార్చి 29

మందంగా వత్తిన రొట్టె పైన మాడుతున్నా లోపల పచ్చిగానే ఉంటుంది. ఈ మాట తెలియడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. నేను పెద్ద చదువులు చదివాను.

అయినా ఖాయంగా తెలియకుండా ఎవరికైనా ఏం చెబుతాం? చెబితే తలుపు తీస్తారు. తీస్తే పిల్ల ఇంటికొస్తుంది. అంటే, తన అవకాశం పోతుంది అని నా ఉద్దేశం. ఆదివారం మాట్లాడాక చూద్దాం.

మార్చి 30

"గోడ మీద ఆ తువ్వాలు దేనికే?"

"ఆరేసుకున్నా."

"పిన్నులు కొట్టి ఆరేసుకుంటారా ఎవరైనా?"

"జారిపోతోందక్కా."

అని దగ్గింది. ఒకసారి కాదు, తెరలు తెరలుగా. "నీళ్ళు అడ్డం పడ్డాయి" అంది. "టైమైపోయింది, ఉంటా" అని పెట్టేసింది. టైము ఇంకా ఉంది. పెద్దాయన కూడా గడియారం చూసుకున్నాడు.

బడికెళ్ళే రోజుల్లో దానికి చలికాలమంతా పిల్లికూతలు. అమ్మ అప్పటికే లేదు. నేనే దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని వీపు రాసేదాన్ని. ఊపిరి కుదుటపడే దాకా నేను ఊపిరి పీల్చేదాన్ని కాదు. పుట్టగొడుగు విచ్చుకుందంటే దాని గొడుగు కిందనుంచి పొడి రాలుతుంది. ఆ పొడి మంచి ఊపిరితిత్తులకే పడదు.

భయమేసింది. ఇంకేమీ రాయలేను.

ఏప్రిల్ 1

పొద్దున్నే వెళ్ళి పెద్దాయనకి చెప్పేశాను. ఏడో పలక లోపల ఇంకా బతికే ఉంది, బహుశా పూస్తోంది కూడా.

ఆయన నా మొహంలోకి చూశాడు, గోడ మీద క్యాలెండరు చూశాడు. "ఈ రోజు తారీఖు చూసుకునే చెబుతున్నారా?"

"నిజమండీ."

"మందం ఎందుకు పెంచారు?"

"చప్పుడు వినపడకుండా."

"ఎవరికి?"

"ఏడో పలక దగ్గర పడుకునేవాళ్ళకి."

"మా చెల్లికి అనండి, పోయేదేముంది" అన్నాడు. కోపంగానే అన్నాడు గాని, నేననుకున్నంత కోపంగా కాదు. ఆ తర్వాత లోపలికి మైకు కలిపించి, ఏడో పలక గురించి చెప్పండి అని మాత్రం అడిగాడు. డాక్టరమ్మే అంతా విప్పి చెప్పింది.

రోజూ ఒకటో రెండో పూస్తున్నాయట. మొగ్గగా ఉన్నప్పుడే, గొడుగు విచ్చకముందే కోసేస్తున్నారట. "మొదటిది చూసి మీ చెల్లెలు ఏడ్చిందండీ. రెండోదాన్ని చూసి నవ్వింది. మూడోదాన్ని నీళ్ళు కాచే పొయ్యి మీదే ఉప్పు కారం వేసి వేయించింది. అప్పటినుంచి నలుగురం లొట్టలేసుకుంటూ తింటున్నాం. గాలి వడపోతలో పొడి లేదు, రోజూ చూస్తున్నాను. ఊపిరి పరీక్షలు కూడా నేనే చేస్తున్నాను, అందరికీ బాగానే ఉన్నాయి. మొన్న దగ్గు మాత్రం నిజంగా నీళ్ళు అడ్డం పడే వచ్చింది."

"ఎందుకు చెప్పలేదు?" అన్నాడు పెద్దాయన.

ఈసారి చెల్లి గొంతు. "చెబితే తలుపు తీసేస్తారుగా సార్. అక్క ఉద్యోగం కూడా."

నా ఉద్యోగం గురించి దానికెందుకు? అక్కడే నిలబడి ఫైళ్ళ బీరువా వైపు చాలాసేపు చూశాను.

మొగ్గలు కోసుకుంటూ మే దాకా గడపడం కుదరదని పెద్దాయన తేల్చేశాడు. అది నిజమే. ఒక్కటి కంటపడకపోయినా పొడి రాలుతుంది. పైగా బతికున్న బూజు మేత తింటూనే ఉంటుంది, పలక రోజురోజుకీ గుల్లవుతుంది. ఆయన మైకు ఆపకుండానే నావైపు తిరిగాడు.

"ఇప్పుడు దారులు రెండే. తలుపు తీసి పలక మార్చడం ఒకటి. తీయకుండా, గోడ ఉన్నచోట ఉండగానే, బయటినుంచి వేడి పెట్టి చంపడం రెండోది. ఇంతకుముందెవరూ చేయలేదు. మీరు కుదురుతుందంటే చేద్దాం. కుదరదంటే రేపు పొద్దున తలుపు తీసేస్తాను. ఈ పని మీకంటే తెలిసినవాళ్ళు ఎవరూ లేరు, మీ మాటే ఫైనల్."

చేతులు కడుక్కొస్తానని బయటికి వెళ్ళాను.

ఇది ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను. "కుదరదు" అనే మాట నాలుక చివర సిద్ధంగా ఉంది. అది అబద్ధం కూడా కాదు. ఎవరూ చేయని పని, కుదరకపోవచ్చు. ఎవరూ నన్ను తప్పుపట్టరు, తప్పు పట్టడానికి ఎవరికీ తెలియదు. రేపు పొద్దున తలుపు తీస్తారు. చెల్లి ఇంటికొస్తుంది. మళ్ళీ నా కుర్చీ మీద తడి తువ్వాలు పడేస్తుంది, అర్ధాకలితో లేచిపోయి వంటింట్లో డబ్బాలు వెతుకుతుంది, ముసలిదయ్యేదాకా ఇదే ఊళ్ళో, నా కళ్ళముందే ఉంటుంది. వెళ్తే నేను బతకగలనో లేదో నాకు తెలియదు. దాన్ని పంపించడం నాకు ఇష్టం లేదు. ఎప్పుడూ లేదు. అభిప్రాయం లేదని రాసుకున్నదంతా ఉత్తిదే.

కుళాయి తిప్పి అలాగే నిలబడ్డాను. ఆ తువ్వాలే కళ్ళముందు కనపడుతోంది. దుప్పటి మడతపెట్టడం రాని పిల్ల, నాలుగు మూలలూ సమానంగా చూసుకుని పిన్నులు పెట్టింది. రోజూ పొద్దున లేచి మొగ్గలు వెతికి కోసింది. అంత ఓపిక దానికి ఎక్కడినుంచి వచ్చింది? అక్కడ ఉండిపోవాలని ఉంది కాబట్టి వచ్చింది. వెళ్ళాలని ఉంది కాబట్టి వచ్చింది. అంత ఇష్టపడ్డదాన్ని నేను ఒక్క మాటతో ఇంటికి లాక్కొస్తే, అది నా కళ్ళముందు ఉంటుంది గాని నేను దాని కళ్ళలోకి చూడలేను.

లోపలికొచ్చి, "కుదురుతుంది" అన్నాను.

గొంతు సరిగ్గా రాలేదు. పెద్దాయన "ఏమన్నారు?" అని మళ్ళీ అడిగాడు. రెండోసారి చెప్పడం మొదటిసారి కంటే కష్టం.

ఏప్రిల్ 3

వేడి దుప్పట్లు ఏడో పలకకి బయటివైపు కట్టాం. వాటి మీద మళ్ళీ మందపాటి బొంత. లోపలివైపు వాళ్ళు ప్లాస్టిక్ పరదా అంటించుకున్నారు, చెల్లి పడక అవతలికి జరిపారు. పలక నడిమధ్యకి సూది థర్మామీటరు గుచ్చాను. తొందరపడితే బయటివైపు మాడి పగులుతుంది, ఆలస్యం చేస్తే గోరువెచ్చదనానికి బూజు ఇంకా హాయిగా పెరుగుతుంది. పసిపిల్లకి స్నానం చేయించే నీళ్ళు చూసుకున్నట్టు చూసుకోవాలి.

మధ్యాహ్నం మా ఆయన క్యారేజీ తెచ్చారు. దుప్పట్లు కప్పుకున్న గోడని చూసి, "ఏమిటి, జ్వరమా? కషాయం పట్టించకపోయావా?" అన్నారు. పెద్దాయన పొట్ట పట్టుకుని నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. చాలా రోజులైంది.

ఏప్రిల్ 4

సూది చూపించాల్సిన వేడి చూపించింది. పొరపాటేమోనని ఇంకో సూది గుచ్చాను. అదీ చూపించింది. అది చూపించిందని ఇంకోటి గుచ్చాను. పెద్దాయన వచ్చి నా చేతిలోంచి సూదుల డబ్బా లాక్కున్నాడు.

ఏప్రిల్ 12

వారం దాటింది. ఒక్క మొగ్గ లేదు. ఏడో పలక దగ్గర మీటరు బాగుపడింది. పాడైన మూడు మీటర్లూ కూడా బాగానే పనిచేస్తున్నాయి.

ఏప్రిల్ 13

"తిండి ఎలా ఉందే?"

"ఏదోలే" అంది.

మే 31

తలుపు తీశారు. గది నెగ్గింది. జట్టు పేర్లు చదివారు. చెల్లి పేరు రెండోది.

చప్పట్లు కొట్టాను. ఈసారి చెప్పు సర్దుకోలేదు. అది నేరుగా వచ్చి నన్ను వాటేసుకుంది. మనిషంతా రంపంపొట్టు వాసన.

జూన్ 2

చెల్లి మా ఇంట్లోనే ఉంది, శిక్షణకి వెళ్ళే దాకా ఇక్కడే ఉంటుందట. నా మంచం ఆక్రమించింది, మా ఆయన హాల్లోకి కాందిశీకుల్లా వెళ్ళిపోయారు. తడి తువ్వాలు కుర్చీ మీద ఉంది. నేనేమీ అనలేదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇద్దరం నడుం వాల్చాం. ఫ్యాను చూస్తూ చెప్పేశాను.

"ఆ రోజు నేను కుదరదు అనబోయానే."

"తెలుసు."

"ఏం తెలుసు?"

"మైకు ఆపలేదుగా. పెద్దాయన అడగడం, నువ్వు చేతులు కడుక్కొస్తానని పోవడం, అన్నీ విన్నాం. నీ చేతులకి అంత మురికేముంటుందక్కా?"

"అబద్ధమైనా చెప్పేసి నిన్ను ఇంటికి తెచ్చేసుకుందామనుకున్నాను. నువ్వు పోతే నేనేమైపోవాలి?" అన్నాను. ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

అది నావైపు తిరిగింది.

"నువ్వు బయటికెళ్ళావు చూడు, ఆ కాసేపూ నేనేమనుకున్నానో తెలుసా? కుదరదనెయ్యక్కా, అనుకున్నా. ఒట్టు. తలుపు తీస్తే పరిగెత్తుకొచ్చి నీ పక్కన పడుకుందామనుకున్నా. నా అంతట నేను రాను, నువ్వు అనేస్తే నీ మీద నెట్టేసి వచ్చెయ్యొచ్చుగా. అంత భయమేసింది నాకు."

"మరి నేను కుదురుతుంది అన్నానుగా!"

"అన్నావు. రెండుసార్లు అన్నావు. మొదటిసారికి ఏడ్చా. రెండోసారికి, అక్క పంపిస్తోందిగా, ఇంక భయమెందుకు అనిపించింది."

దాని వీపు మీద చెయ్యి వేశాను. ఊపిరి బాగానే ఆడుతోంది.

"వెళ్ళి రావే" అన్నాను.

"వస్తా" అని, నా దుప్పటి మొత్తం లాక్కుని అటు తిరిగి పడుకుంది. అప్పుడే నిద్రపోయింది కూడా.